నా బల్ల, ఆయన పట్టాలు

ఆ ఇంట్లో నాదంటూ ఉన్న వస్తువు ఒక్కటే, బట్టలు కత్తిరించే బల్ల. ఇల్లు కిరాయిది. మంచం అత్తది. సైకిలు, రేడియో మా ఆయనవి. కుట్టు మిషను మా అమ్మది, కళ్ళు మసకబారాక నాకు పంపించింది. బల్ల మాత్రం నేను కొనుక్కున్నాను, నేను కుట్టి సంపాదించిన దానితో.

డెబ్బైల నాటి మాట. జుమ్మెరాత్ బజారులో ఒక గురువారం, పడగొట్టిన ఏదో నవాబు దేవిడీ తలుపు రెక్క అమ్మకానికి పెట్టారు. ముందువైపు నగిషీ ఉంది, నాకక్కర్లేదు. వెనకవైపు చదునుగా, ఒక్క గంటు లేకుండా ఉంది. మంచి టేకు. రిక్షాలో అడ్డంగా పెట్టించి, వెనక నేను నడుచుకుంటూ మొఘల్‌పురా దాకా తీసుకుపోయాను. అక్కడొక వడ్రంగి దాన్ని తిరగేసి నాలుగు కాళ్ళు బిగించాడు. జహనుమాలో మా రేకుల ఇంటికి చేరాక గాజు కాగితంతో నేనే రుద్దాను. వేలు పెట్టి రాస్తే ఎక్కడా తగలకూడదు. పట్టుబట్టకు ఒక్క పేడు తగిలితే చాలు, దారం లేచిపోతుంది.

ఇరుగుపొరుగు ఆడవాళ్ళవి, ఫలక్‌నుమా వైపు రైల్వే క్వార్టర్ల వాళ్ళవి జాకెట్లు కుట్టేదాన్ని. పత్తర్‌గట్టిలో బట్టల దుకాణమున్న ఒక సేఠ్ ఇంటి ఆడవాళ్ళు కూడా నా దగ్గరే కుట్టించుకునేవారు. నా చేతి పని చంక దగ్గర తెలుస్తుంది. ముడత పడదు, లాగదు. దానికి చెయ్యి ఒక్కటే చాలదు, బట్ట పరిచిన చోటు చదునుగా ఉండాలి. నేల మీద కత్తిరించిన జాకెట్ చంక దగ్గరే దొరికిపోతుంది. ఈ సంగతి కుట్టేవాళ్ళకు తెలుసు, తొడుక్కునేవాళ్ళకు ఇంకా బాగా తెలుసు.

మా ఆయన రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తా. ఇంజను డ్రైవరు కావాలని చిన్నప్పటి నుంచీ ఆశ. కళ్ళ పరీక్షలో ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలియలేదని పక్కన పెట్టి, కలం చేతికిచ్చారు. పెళ్ళైన కొత్తలో ఆ వైపు చుట్టాలంతా ఈ కథ నాకు ఒకరి తర్వాత ఒకరు చెప్పారు, పాపం అనమని. అన్నాను. ఆయన ఎంచి తెచ్చిన చీరలన్నీ నోరు మూసుకుని కట్టుకున్నాను. అంతకు మించిన జాలి నా దగ్గర లేదు.

ఒక ఆదివారం ఆయన లాలాగూడ నుంచి ఒక చెక్క పెట్టె మోసుకొచ్చాడు. అక్కడ ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు ఉద్యోగం మానేసి, కుటుంబంతో ఆస్ట్రేలియాకు వెళ్ళిపోతూ ఇంట్లో సామానంతా తీసేశాడట. కుర్చీలు, పింగాణీ, పియానో ఎవరెవరో కొనుక్కుపోయారు. మా ఆయన కొన్నది ఆడుకునే రైలు. చావీ తిప్పితే నడిచే నల్లటి ఇంజను, నాలుగు డబ్బాలు, వెనక గార్డు డబ్బా. పట్టాలు ఆ డ్రైవరు చేత్తో చేసుకున్నవి. కింద అగ్గిపెట్టె పుల్లలకన్నా కొంచెం లావు చెక్క స్లీపర్లు, పైన ఇత్తడి కడ్డీలు. చేసినవాడు ఓపిక గలవాడే. అది ఒప్పుకుంటాను.

నేల మీద పరిచి చూశాడు. మా గచ్చు నేల ఎగుడుదిగుడు. మూల తిరిగే చోట పట్టాల ముక్కలు ఒకదాని నుంచి ఒకటి ఊడిపోయేవి, ఇంజను పక్కకు పడి చక్రాలు గిర్రున తిప్పుకునేది. ఆయన తల ఎత్తి నా బల్ల వైపు చూశాడు. ఆ చూపు నాకిప్పటికీ గుర్తుంది. అప్పటిదాకా ఆయన నా బల్లను ఒక్కసారి కూడా చూసిన పాపాన పోలేదు.

"వారం రోజులు ఇయ్యి. వట్టిగ ఎట్ల నడుస్తదో చూస్త" అన్నాడు.

"నా పనెట్ల?"

"గింత కింద కూసొని కోసుకో. ఏమైతది?"

గోడవార మంచం మీద కూర్చున్న అత్త అందుకుంది. "మగోడు ముచ్చట పడ్డడు. వాడు తాగుతడా, తిరుగుతడా? రైలే గద."

తాగనివాడికీ తిరగనివాడికీ ఇంట్లో ఏదడిగినా ఇచ్చెయ్యాలని మా అత్త నమ్మకం. నేను ఇచ్చాను. కానీ ఒక మాట తీసుకున్నాను. మేకులు కొట్టొద్దు. మేకు దిగిన బల్ల మీద పట్టు పరచలేను. పట్టాలు కదలకుండా ఏదైనా బంకతో అంటించుకో, కానీ ఊడేదానితో అంటించు. నాకు కావలసిన రోజు పట్టాలు లేపితే బల్ల ఎట్లా ఇచ్చానో అట్లా నా చేతికి రావాలి.

"ఊడేదానితోనే అంటిస్త. నా మీద నమ్మకం లేదా?" అన్నాడు.

నమ్మకం గురించి అడిగేవాళ్ళను చూస్తే నాకు అప్పుడూ చిరాకే, ఇప్పుడూ చిరాకే. సరేనన్నాను.

మొదట మైదా. గోడలకు సినిమా కాగితాలు అంటించేవాళ్ళు ఉడకబెట్టే లయి లాగే నేనే ఉడకబెట్టి ఇచ్చాను. స్లీపరు స్లీపరుకూ కింద రాసి, పైన ఇటుకలు పెట్టి అదిమాడు. పొద్దున్నే లేచి చూస్తే ఒక మూల పట్టాలన్నీ వంకర పోయి ఉన్నాయి. ఎలుకలు లయినంతా నాకి, అడుగు నుంచి స్లీపర్లు కూడా కొరికాయి. మా ఇంటి ఎలుకలకు ఏ పండుగకూ అంత మర్యాద జరగలేదు. మైలుతుత్తం కలిపి మళ్ళీ ఉడకబెడతానన్నాను. ఎలుకలకు విషం, బంక కూడా పాడవదు. ఆయన వద్దన్నాడు. మైదాతో రైల్వే పని కాదన్నాడు.

తర్వాత తుమ్మ బంక. మా ఇంటి వెనక గుట్ట మీద తుమ్మచెట్లకు కావలసినంత కారేది. నానబెట్టి, వడగట్టి, చిక్కగా చేసి ఇచ్చాను. అంటుకుంది. ఇంజను నాలుగు చుట్లు కిందపడకుండా తిరిగింది. ఆయన ముఖం వెలిగింది. అత్త కూడా మంచం దిగి వచ్చి చూసింది. ఇల్లు అలకగానే పండుగ అవుతుందా? మర్నాటి నుంచి ముసురు పట్టింది. రేకుల కింద గాలంతా చెమ్మ. తుమ్మ బంక జిగటగా కరిగి, పట్టాలు ఇటూ అటూ జారడం మొదలుపెట్టాయి. బల్ల మీద చెయ్యి పెడితే చెయ్యి అంటుకునేది. గుడ్డ తడిపి రెండు రోజులు తుడుచుకున్నాను.

వారం అన్నది ఎప్పుడో దాటింది. వానాకాలమంతా నేను నేల మీదే కత్తిరించాను. చాప పరిచి, దాని మీద దుప్పటి పరిచి, మోకాళ్ళ మీద వంగి. నడుము పట్టేసేది. క్వార్టర్ల నుంచి వచ్చే ఒక ఆమె జాకెట్ వెనక్కి తెచ్చి, "ఏంది, ఈసారి నీ చెయ్యి గిట్ల పోయింది?" అని అడిగింది. చెయ్యి పోలేదమ్మా, బల్ల పోయిందని చెప్పలేకపోయాను. విప్పి మళ్ళీ కుట్టి ఇచ్చాను. అప్పుడు వచ్చిన కోపం నడుము నొప్పికన్నా ఎక్కువ.

అంతలో సేఠ్ ఇంట్లో పెళ్ళి కుదిరింది. పెళ్ళికూతురి జాకెట్లు, ఆమె అక్కచెల్లెళ్ళవి, అన్నీ బనారసు పట్టు. అంత పెద్ద పని నాకు అంతకు ముందు రాలేదు. సేఠానీ తక్కువ మాట్లాడే మనిషి. గుమ్మంలోనే నిలబెట్టి ఒక్క మాట చెప్పింది, "షాదీ కా కప్డా జమీన్ పే నక్కో డాలో." పెళ్ళిబట్ట నేల మీద పెట్టకూడదు, కాళ్ళు తిరిగే చోట పరిస్తే అపశకునమని వాళ్ళ పట్టింపు. బల్ల ఉంది గదా అనే నాకిస్తున్నానని కూడా అంది. దసరా వెళ్ళాక బట్ట పంపిస్తానంది.

ఇంటికొచ్చి ఆయనకు చెప్పాను. దసరా వెళ్ళాక నా బల్ల నాకు కావాలి. ఆయన తల ఊపాడు.

ఆయనకు పట్టాలు కదలకుండా ఉండాలి, నాకు లేపితే లేవాలి. రెండూ కలిసే బంక కోసం నేనే వెతికాను, ఎందుకంటే అవసరం నాది. గోటా జరీ అంచుల కోసం లాడ్ బజారు పోయినప్పుడు లక్కగాజులు చేసే ఒకామె దగ్గర కాసేపు కూర్చునే అలవాటు నాకు. బొగ్గుల మీద లక్కను మెత్తబరిచి, గాజు చుట్టూ చిన్నచిన్న అద్దం ముక్కలు అద్దేది. ఆ అద్దాలు ఊడిపోవా అని అడిగాను.

"గరం కరో తో చిపక్‌తా, ఫిర్ గరం కరో తో ఛూట్‌తా. ఇత్తాచ్ హై బాజీ" అంది. వేడి చేస్తే అంటుకుంటుంది, మళ్ళీ వేడి చేస్తే విడుస్తుంది, అంతే. పాత గాజుల మీద రాళ్ళు వాళ్ళు అట్లాగే తీసి కొత్తవాటికి పెడతారట.

ఒక ముద్ద లక్క అడిగి తెచ్చుకున్నాను. ఇంట్లో ఒక పాత పీట మీద ఎలుకలు కొరికిన పట్టా ముక్కను లక్కతో అంటించాను. చల్లారాక లాగితే రాలేదు. ముసురుకు కరగలేదు. ఎలుకలు వాసన చూసి పోయాయి. మూడో నాడు కత్తిని పొయ్యి మీద కాల్చి స్లీపరు పక్కన ఆనించాను. మెత్తబడి వచ్చేసింది. పీట మీద మిగిలిన మరకను అదే కత్తితో గీకేశాను. ఆయన ముందే చేసి చూపించాను ఇదంతా.

ఆయన పీట తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఊడిన చోట వేలుతో రాశాడు. ముఖంలో సంతోషం లేదు.

"గాజులోళ్ళ లక్కతోని రైలు పట్టాలేస్తరా ఎవరన్న? మా ఆఫీసుల చెప్తే నవ్వుతరు" అన్నాడు.

"మీ ఆఫీసోళ్ళు వచ్చి పట్టాల కింద తొంగి చూస్తరా?"

ఆయన ఇంజను తీసి గుడ్డతో తుడుచుకుంటూ కూర్చున్నాడు. కావలసింది చేతిలో పెడితే వద్దనే మనిషికి కావలసింది మరేదో ఉంటుంది. అదేమిటో నాకు అప్పుడు తెలియలేదు. వట్టి మొండితనం అనుకున్నాను.

బతుకమ్మకు పుట్టింటికి పోవడం మా దగ్గర ఆడపిల్ల హక్కు. పండుగ లోపల ఇవ్వాల్సిన జాకెట్లన్నీ చాప మీదే ముగించి, భువనగిరి వైపు మా ఊరికి బయలుదేరాను. మామూలుగా నేను ఒక్క పూట ఎక్కువున్నా ఆయన ఊరుకునేవాడు కాదు, సద్దుల బతుకమ్మ మర్నాడే వచ్చి గుమ్మంలో నిలబడేవాడు. ఆ ఏడు మాత్రం బస్సు ఎక్కిస్తూ, "తొందరేం లేదు, దసరా చేసుకోని నిమ్మళంగ రా" అన్నాడు. మా అమ్మకు చెబితే మురిసిపోయింది, అల్లుడు మారాడని.

నిమ్మళంగానే వచ్చాను. గడప దగ్గరే వాసన కొట్టింది. చచ్చిన జంతువు తోలు ఉడికిన వాసన. లోపల నా బల్ల మీద పట్టాలు గుండ్రంగా, మధ్యలో ఇంకొక దారి చీలి, ఒక మూల చిన్న స్టేషను అట్టముక్క నిలబెట్టి, అంతా సిద్ధంగా ఉంది. పొయ్యి పక్కన నేను పాలు కాచే గిన్నె. దానిలో గోధుమ రంగు బంక అడుగంటి, రాయిలా గట్టిపడి ఉంది.

సరేసు. వడ్రంగులు వాడేది. జంతువుల తోలూ ఎముకలూ ఉడకబెట్టి తీసిన బంక పలకలు. పొరుగింటి ఆమె చెప్పింది, మొఘల్‌పురా నుంచి తెచ్చాడట. నా బల్లకు కాళ్ళు పెట్టిన ఆ వడ్రంగి దగ్గరి నుంచే.

ఆయన ఆఫీసు నుంచి వచ్చాడు. నేను బల్ల దగ్గర నిలబడి ఉన్నాను.

"గుంజి చూడు" అన్నాడు.

గుంజి చూశాను. బల్ల కదిలింది గాని పట్టా కదలలేదు.

"బల్ల విరుగుతది గాని జోడు ఇడువది అన్నడు మొఘల్‌పురా వడ్ల ఆయన. డబ్బాల వచ్చే తెల్ల బంక కొత్తగ వచ్చింది, దాన్ని నమ్ముతందుకు లేదు. ఇది తాతల కాలం నాటిది."

"నాకేం మాటిచ్చినవ్?"

"అన్ని చూసినం గద. ఏది పనికొచ్చింది?"

"లక్క?"

ఆయన ఇంజనుకు చావీ తిప్పి వదిలాడు. అది నా బల్ల మీద గిరగిరా తిరిగింది, ఒక్క చోట కూడా తడబడకుండా. మంచం మీద నుంచి అత్త, "పోనియ్యే, కింద కూసొని కోస్తలేవా ఇన్ని రోజుల సంది" అంది. అదే మాట వానాకాలమంతా విన్నాను. ఆ రోజు మాత్రం చెవిలో గునపం దిగినట్టు దిగింది.

గొడ్డలి తెచ్చి బల్లను రెండు ముక్కలు చేద్దామన్నంత కోపం వచ్చింది. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే అదే. మానుకున్నాను. ఆయనతో మాట్లాడటం కూడా మానుకున్నాను. మాటిచ్చి తప్పినవాడితో మళ్ళీ మాటలు పెట్టుకోవడమేమిటి?

రెండో రోజుకే సేఠ్ ఇంటి పనిమనిషి బట్ట తెచ్చింది. తెల్ల గుడ్డలో చుట్టిన మూట, లోపల కుంకుమ రంగు బనారసు, వెండి జరీ. నేల మీద పెట్టొద్దని అమ్మగారు మళ్ళీ చెప్పమన్నారు అంది. చిలక్కొయ్యకు తగిలించాను. వెనక్కి పంపడానికి నోరు రాలేదు. పంపితే ఆ ఇంటి పని ఇక నా ముఖం చూడదు. ఆ ఇంటి పని పోతే పత్తర్‌గట్టిలో మిగతా ఇళ్ళు కూడా పోతాయి. క్వార్టర్ల వాళ్ళు అప్పటికే సగం మంది వేరే చోట కుట్టించుకుంటున్నారు. ఆ మూట వైపు చూసినప్పుడల్లా ఏడుపు వచ్చేది. ఏడవలేదు. అత్త చూస్తుందని.

ఆ కోపంలోనే పాలగిన్నె ముందు పెట్టుకుని కూర్చున్నాను. అడుగంటిన సరేసును గరిటెతో గీకాను, ఇటుక పొడితో రుద్దాను, రాలేదు. గోరుచుట్టు మీద రోకటి పోటు, ఉన్నది ఒక్క పాలగిన్నె, అదీ పోయింది. చివరికి మసిలే నీళ్ళు పోసి పక్కన పడేసి వంట మొదలుపెట్టాను. పప్పు ఉడికేలోపు గిన్నె ఎత్తితే నీళ్ళు గోధుమ రంగులోకి తిరిగి ఉన్నాయి. వేలు పెడితే అడుగున బంక మెత్తగా జారింది. తోముతుంటే గంజిలా వదిలిపోయింది.

గిన్నె కడిగి బోర్లించి, లేచి బల్ల దగ్గరికి పోయాను. నీళ్ళలో ఉడికింది వేడి నీళ్ళకు విడుస్తుంది. ఇందులో పెద్ద తెలివేమీ లేదు, గిన్నెలు తోమేవాళ్ళకు ఎవరికైనా తెలిసేదే. ఆయన ఎన్నడూ గిన్నె తోమలేదు కాబట్టి తెలియలేదు. బంక కాచిన గిన్నెను కడిగి పెట్టి ఉంటే ఆ సంగతి ఆయనే కనిపెట్టేవాడు, ఇంకేదైనా బంక వెతుక్కునేవాడు.

మర్నాడు ఆయన సైకిలు సందు మలుపు తిరగగానే ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు వేసి విసిరాను. పాత లంగా చింపి పట్టీలు చేసి, మసిలే నీళ్ళలో ముంచి, స్లీపర్లకు రెండు వైపులా ఆనించి పరిచాను. పైన ఇస్త్రీ పెట్టె పెట్టాను. సుయ్యిమని ఆవిరి లేచింది. మళ్ళీ అదే కుళ్ళు వాసన. ముక్కుకు కొంగు కట్టుకున్నాను.

అత్త లేచి కూర్చుంది. "ఏం చేస్తున్నవే?"

"ఇస్త్రీ."

"వాడొస్తే ఊకుంటడా?"

"రానీ."

ఆమె చెప్పులేసుకుని పక్కింటికి పోయింది. మంచిదే అయింది.

మొదటి ముక్కకు చాలాసేపు పట్టింది. పట్టీ ఆరిపోతే మళ్ళీ తడపాలి, ఇస్త్రీ ఎక్కువసేపు ఆనితే టేకు మాడుతుంది. దోసెల అట్లకాడ సన్నటి అంచును స్లీపరు కిందికి పోనిచ్చి, లాగకుండా ఊరికే పట్టుకుని కూర్చుంటే, బంక తనంతట తాను విడిచేది. తొందరపడితే స్లీపరు విరుగుతుంది. విరగ్గొట్టాలని లేకపోలేదు. కానీ ఒక్కటి విరిగినా, చూశావా కోపంతో నాశనం చేసిందని అనడానికి ఆయనకు దొరుకుతుంది. ఆ మాట అననివ్వదలచుకోలేదు. ఒక్కో ముక్కా లేపి, తడి తుడిచి, మంచం మీద వరసగా పేర్చాను. స్టేషను కూడా.

అంతా లేచాక బల్లను వేడి నీళ్ళతో కడిగి, పొడి గుడ్డతో తుడిచి, వాకిట్లో ఎండకు పెట్టాను. గాజు కాగితం అరిగినదే ఉంది, దానితో రుద్దాను. పట్టాలున్న చోట గుండ్రంగా ఒక నీడలా మరక మిగిలింది. వేలు పెట్టి రాశాను. ఎక్కడా తగల్లేదు. ఆ క్షణం నాకు కలిగిన సంతోషం మెడలో పుస్తె కట్టిన రోజు కూడా కలగలేదు. అబద్ధం చెప్పడం దేనికి?

పొద్దు వాలకముందే బల్ల లోపలికి చేర్చి, మూట విప్పి, పట్టు పరిచాను. కొలతలు గీసుకుని కత్తెర అందుకున్నాను. సైకిలు ఆగిన చప్పుడైంది.

ఆయన గడపలో నిలబడ్డాడు. మంచం మీద పట్టాలు చూశాడు, బల్ల చూశాడు. అరుస్తాడనుకున్నాను. అరిస్తే ఏమనాలో పొద్దున్నుంచీ పోగేసుకుని ఉన్నాను. ఆయన అరవలేదు. మంచం మీద కూర్చుని ఒక ముక్క చేతిలోకి తీసుకున్నాడు.

"ఒక్కటి గూడ విరగలే?"

"విరగలే."

దాన్ని పక్కన పెట్టేశాడు. ఇంకొకటి తీసి చూడలేదు. పట్టాల గురించి మళ్ళీ అడగలేదు. ఎట్లా ఊడాయని కూడా అడగలేదు. బల్ల మీది పట్టు వైపే చూస్తున్నాడు.

"అయితే మళ్ళ మొదలుపెడ్తవా కుట్టుడు?" అన్నాడు.

కత్తెర పట్టుకున్న చెయ్యి ఆగింది. మొదలుపెట్టడమేమిటి? నేను ఆపింది ఎప్పుడు?

"బంద్ చేసిన్నని ఎవరన్నరు?"

"బల్ల లేకుంటే కొన్ని దినాలకు నువ్వే ఇడిచిపెడ్తవనుకున్న" అన్నాడు. దాచుకోవాలని కూడా అనిపించలేదు ఆయనకు. అలసిపోయినవాడిలా చెప్పాడు. "మా పెద్ద గుమాస్తా భార్య జాకెట్ కొలతలు నా పెండ్లాం తీస్తది. ఆయన ఆఫీసుల అందరి ముంగట అంటడు, మీ ఆమె చెయ్యి మంచిదోయ్, నీకేం ఫికర్ అని. మస్తు నవ్వుతరు. రోజు నేను ఆ నవ్వులల్ల కూసోవాలె."

"నోటితోని చెప్పొచ్చు గద, మానుకో అని."

"చెప్తే మానుతుంటివా?"

"మానకపోతుంటి."

"అందుకే" అన్నాడు.

ఆ ఒక్క మాటతో ఎండాకాలం చివరి నుంచి దసరా దాకా జరిగిందంతా నా కళ్ళ ముందు వేరే వరసలో నిలబడింది. ఆయన మేకులు కొట్టి ఉంటే తిట్టి ఊరుకునేదాన్ని. ముఖం మీద మానెయ్యి అని ఉంటే కొట్లాడేదాన్ని, కొట్లాట అయ్యాక మరిచిపోయేదాన్ని. ఈయన బంకలు ఏరాడు. మైదా నేనే ఉడకబెట్టిచ్చాను. తుమ్మ బంక నేనే వడగట్టిచ్చాను. లక్క నేనే అడుక్కొచ్చి, అంటించి, ఊడదీసి చూపించాను. ఏది ఊడుతుందో నా చేతే తెలుసుకుని, దాన్ని వద్దని, ఊడనిదాన్ని ఎంచుకున్నాడు. రైలు మీద ప్రేమ అబద్ధం కాదు. కానీ ఆ ప్రేమను నా పని మీదికి తోలాడు. పాపం అని ఎన్నేళ్ళు అన్నానో అన్నేళ్ళకూ ఆ పూట సిగ్గుపడ్డాను.

పొద్దున్నుంచీ పోగేసుకున్న మాటల్లో ఒక్కటీ దీనికి సరిపోలేదు. వంగి గీత చూసుకుని పట్టులోకి కత్తెర దించాను.

అత్త పక్కింటి నుంచి వచ్చి, ఇద్దరినీ చూసి, మూల కూర్చుంది. ఆయన కాళ్ళు కడుక్కుని వచ్చి పీట వాల్చుకుని కూర్చున్నాడు. తర్వాత అన్నం పెట్టమన్నాడు.

కత్తెర చంక మలుపులో ఉంది. అక్కడ ఆపితే పట్టు అంచు వంకర పోతుంది. ఆపదలచుకుంటే మాత్రం ఆపగలను.

"గిన్నెల ఉంది, పెట్టుకో" అన్నాను.

అత్త లేవబోయింది. నేను తల ఎత్తి ఆమె వైపు చూశాను. మళ్ళీ కూర్చుంది. ఆయన కొంచెంసేపు పీట మీద అట్లాగే ఉండి, లేచి, కంచం వెతుక్కుని, అన్నం ఎక్కడుందో మూతలు తీసి చూసుకుని పెట్టుకున్నాడు. నేను ఆ పూటలోనే పెళ్ళికూతురి జాకెట్ కత్తిరించడం ముగించాను.

మర్నాడు ఆయన అన్నం పెట్టమని అడగలేదు. ఆ మర్నాడూ అడగలేదు. నేను వండేదాన్ని, మూత పెట్టేదాన్ని, బల్ల దగ్గరికి పోయేదాన్ని. ఆ తర్వాత ఆయన చాలా ఏళ్ళు బతికాడు. ఆ ఏళ్ళన్నీ తన అన్నం తనే పెట్టుకున్నాడు.